తోమితే పోవాల్సింది మురికే!

ఖాళీ తూటాను శుభ్రం చేయడానికి మక్క బెండు పొడి మంచిదా? అక్రోటు పెంకు మంచిదా? స్టీలు సూదులు మంచివా? వినడానికి మనకు సంబంధంలేని ప్రశ్నే. కానీ దాని జవాబులో తాండూరు బండ ఉంది. వికారాబాద్ పసుపు కొమ్ము ఉంది. మన ఇంట్లో అటకెక్కిన ఇత్తడి బిందె కూడా ఉంది!

హైదరాబాద్ నుంచి పడమరకు వెళ్లే రైలు వికారాబాద్ దాటి తాండూరు చేరేసరికి చుట్టూ నేల రంగు మారిపోతుంది. ఎక్కడ చూసినా బండలే. నీలం బండలు, పసుపు బండలు. గనుల్లోంచి పొరలు పొరలుగా లేపిన నాపరాయిని కోసి, సానబెట్టి, దేశంలోని నలుమూలలకూ పంపుతారిక్కడ. మన ఇళ్లలో నున్నగా, చల్లగా కాళ్లకు తగిలే ఆ నేల వెనక ఉన్నది ఒకటే పని... రాపిడి. ముందు గరుకు రాయి, తర్వాత కాస్త సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మధ్యమధ్యలో నీళ్లు. అప్పటికి గానీ బండలో మొహం కనబడదు.

రాపిడి మీద బతికేది ఒక్క బండే కాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పప్పుగా మారాలంటే మిల్లులో ఎమెరీ పూత ఉన్న రోలరు మీద దాని పొట్టు గీసుకుపోవాలి. వికారాబాద్ ప్రాంతంలో పసుపు వేసే రైతు కొమ్ముల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, చివరికి డ్రమ్ములో పోసి తిప్పుతాడు. కొమ్ముకు కొమ్ము ఒరుసుకుని, డ్రమ్ము గోడలకు రాసుకుని, పైనున్న గరుకు చర్మం, సన్నటి వేళ్లు రాలిపోతాయి. లోపలున్న పసుపు రంగు బయటపడుతుంది.

ఈ మూడింట్లోనూ నేర్పంతా ఒక్కచోటే ఉంది. ఎక్కడ ఆపాలి? రోలరు మీద ఎక్కువసేపు నలిగితే పప్పు బద్దలై నూకవుతుంది, పొడవుతుంది. డ్రమ్ములో ఎక్కువసేపు తిరిగితే పసుపు తూకం పడిపోతుంది. పోవాల్సింది పోవాలి, ఉండాల్సింది ఉండాలి. సరిగ్గా ఇదే సూత్రం మీద నడిచే పని ఇంకొకటి ఉంది. అదే వాడేసిన ఇత్తడి తూటా గొట్టాల్ని శుభ్రం చేయడం.

పసుపు డ్రమ్ముకు చుట్టమే!

తూటా అంటే మనకు కనబడేది ముందున్న మొన. పేలిన తర్వాత అది ఎటో వెళ్లిపోతుంది. వెనక మిగిలేది ఇత్తడి గొట్టం. అందులో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఈ కలయికకు లోహశాస్త్రంలో పేరే ‘కార్‌ట్రిడ్జ్ బ్రాస్’. బాగా సాగే గుణం ఉంటుంది కాబట్టి పేలినప్పుడు గొట్టం ఉబ్బి తుపాకీ గదిని మూసేస్తుంది, వేడి వాయువు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. ఆ క్షణంలో రైఫిల్లో ఒత్తిడి చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లు దాటవచ్చు. కారు టైరులో మనం కొట్టించే గాలి 30, 35 పౌండ్లే!

ఇంత దెబ్బ తిన్న గొట్టాన్ని పారేయకుండా మళ్లీ వాడే అలవాటు అమెరికా లాంటి దేశాల్లో గురి క్రీడాకారులకు ఉంది. మన దగ్గర అలా కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. పోలీసు ఫైరింగ్ రేంజిలో సాధన అయ్యాక ఖాళీ గొట్టాల్ని లెక్కపెట్టి అప్పగించడం ఆనవాయితీ. పైగా అన్ని తూటాలూ మళ్లీ వాడుకోవడానికి పనికిరావు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 తూటాకు మందు అంచులోనే ఉంటుంది. ఒక్కసారి పేలితే దాని పని అయిపోయినట్టే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిపెట్టిన ఎయిర్ రైఫిల్‌కైతే అసలు ఇత్తడి గొట్టమే ఉండదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్ వెళుతుంది, అంతే!

మళ్లీ వాడదగ్గ పెద్ద తూటాల గొట్టాలకు మసి పట్టి ఉంటుంది. మట్టి అంటుకుని ఉంటుంది. గాలి తగిలి ఇత్తడి నల్లబడి ఉంటుంది. వాటిని ఒక గిన్నెలోనో డ్రమ్ములోనో వేసి, గింజల్లాంటి సరుకు నింపి, గంటల తరబడి అదరగొడతారు లేదా దొర్లిస్తారు. ఆ నింపే సరుకే ‘మీడియా’. పసుపు డ్రమ్ములో కొమ్ములే ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఇక్కడ ఆ ఒరిపిడి పని మీడియా చేస్తుంది. తేడా అంతే.

ఇంతకీ ఎందుకీ శ్రమ? మెరుపు కోసం అనుకుంటే పొరపాటు. మసి కింద సన్నటి పగులు దాక్కుంటే కంటికి కనబడదు. పగిలిన గొట్టాన్ని మళ్లీ వాడితే చేతిలోనే ప్రమాదం. కాబట్టి శుభ్రం చేయడమంటే, ఉన్న లోపాన్ని కళ్లతో చూడగలగడం. మెరుపు పైకొసరు.

బెండా... పెంకా... సూదులా?

వికారాబాద్ చుట్టుపక్కల మక్కలు ఒలిచాక మిగిలే బెండుకు పెద్ద విలువ ఉండదు. పొయ్యిలోకి పోతుంది, లేదా చేను గట్టున కుప్పగా పడి ఉంటుంది. ఆ బెండును అడ్డంగా కోసి చూడండి. నడుమ మెత్తటి గుజ్జు, పైన పొట్టు, ఈ రెండింటి మధ్య కట్టెలా గట్టిగా ఉండే ఒక వలయం. ఆ వలయాన్ని మరపట్టి, జల్లించి, ఇత్తడిని మెరిపించే సరుకుగా అమ్ముతారు. బెండు పొడి నూనెను, తేమను బాగా పీల్చుకుంటుంది. గొట్టం మీద గీతలు పడనివ్వదు. కాకపోతే నిదానం. మొండి మసి దాని మాట వినదు.

అక్రోటు పెంకు పొడి దీనికి అన్న లాంటిది. ముక్కల అంచులు పదునుగా ఉంటాయి. మసిని, నలుపును త్వరగా గీకేస్తుంది. కానీ దుమ్ము ఎక్కువ, చివర్లో వచ్చే నునుపు తక్కువ. అందుకే అనుభవజ్ఞులు ముందు పెంకుతో మురికి వదిలించి, తర్వాత బెండు పొడితో నిగ్గు తేలుస్తారు. తాండూరు బండకు గరుకు రాయి తర్వాత సన్న రాయి పట్టించినట్టే!

గింజ సైజు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. అంగుళానికి 20 కన్నాలున్న జల్లెడలోంచి జారి, 40 కన్నాల జల్లెడ మీద నిలిచే పొడినే బెండులో ఎక్కువమంది కోరుకుంటారు. అంటే ఒక్కో రేణువు మిల్లీమీటరు కంటే చిన్నది. గొట్టం అడుగున నిప్పురవ్వ వెళ్లే కన్నం సుమారు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నపొడి అందులో ఇరుక్కోదు. రేణువు పెద్దదైతే కన్నంలో బిరడాలా దిగబడిపోతుంది. ఇంట్లో ఉన్నాయి కదా అని బియ్యం వాడేవాళ్లూ ఉన్నారు. పని జరుగుతుంది గానీ విరిగిన నూకలు అదే కన్నంలో కూర్చుంటాయి.

మూడోది స్టీలు సూదులు. ఒక మిల్లీమీటరు మందం, ఆరేడు మిల్లీమీటర్ల పొడవుండే తుప్పుపట్టని స్టీలు ముక్కలు. వీటితోపాటు నీళ్లు, కాస్త గిన్నెలు తోమే సబ్బు ద్రవం, చిటికెడు నిమ్మ ఉప్పు పోసి డ్రమ్మును తిప్పుతారు. గొట్టం లోపల, అడుగున, మూలల్లో చేరిన మసిని కూడా వదలవు ఈ సూదులు. కొత్తగా అచ్చులోంచి తీసినట్టు చేసేస్తాయి. కానీ ఎక్కువసేపు దొర్లిస్తే గొట్టం మూతి అంచు దెబ్బతింటుంది. పని అయ్యాక ఒక్కో గొట్టాన్నీ దులిపి, లోపల సూది మిగిలిపోలేదని చూసుకోవాలి. పూర్తిగా ఆరబెట్టాలి. పని ఎంత గొప్పగా ఉంటుందో చాకిరీ అంత!

అయితే ఏది మంచిది? మామూలు మురికికి బెండు. మొండి మసికి పెంకు. లోపలిదాకా శుభ్రం కావాలంటే సూదులు. పని చేయగలిగిన వాటిలో అన్నిటికంటే మెత్తనిది ఏదో అది ఎంచుకోవాలి. కొండను తవ్వి ఎలుకను పట్టకూడదు.

గుర్రపుశాలలో పగిలిన ఇత్తడి

రాపిడి చేసే నష్టం కంటికి కనబడుతుంది. రసాయనం చేసే నష్టం కనబడదు. దీన్ని ప్రపంచానికి నేర్పింది మన దేశపు వానాకాలమే!

బ్రిటిష్ పాలనలో ఇక్కడి సైన్యం తూటాల్ని వానాకాలమంతా గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే ఇత్తడి గొట్టాలకు పగుళ్లు! ఎవరూ పేల్చలేదు, ఎవరూ తొక్కలేదు. పగుళ్లు ఎలా వచ్చాయో చాలాకాలం అంతుపట్టలేదు. రుతువును బట్టి వస్తున్నాయి కాబట్టి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, గొట్టాన్ని సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు... ఈ మూడూ కలిసి ఇత్తడిని చీల్చేస్తున్నాయని తేల్చారు. తయారీ తర్వాత గొట్టాన్ని తగినంత వేడి చేసి ఆ బిగువు సడలించడం, అమ్మోనియాకు దూరంగా ఉంచడం విరుగుడు అయ్యాయి.

అందుకే అమ్మోనియా కలిసిన పాలిష్‌ను తూటా గొట్టాలకు వాడొద్దని నిపుణులు గట్టిగా చెబుతారు. మనకూ ఇందులో పాఠం ఉంది. పల్లెల్లో వాడకంలో లేని ఇత్తడి గంగాళాలు, బిందెలు ఎక్కడ పెడతారు? చాలాసార్లు పశువుల కొట్టం మూలనే! తేమ, మూత్రం వాసన, సుత్తి దెబ్బల బిగువున్న ఇత్తడి. అవే మూడు శత్రువులు. మూతి దగ్గర, మడత దగ్గర సన్నటి చీలిక రావడానికి అవి చాలు.

మెరుపు కింద సీసం

తూటా గొట్టాల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇది. తూటా అడుగున రవ్వ పుట్టించే మందులో సాధారణంగా సీసం సమ్మేళనం ఉంటుంది. పేలాక ఆ సీసం మసిలో కలిసి గొట్టానికి అంటుకుంటుంది. పొడిగా దొర్లించినప్పుడు మీడియాలోకి దిగుతుంది. మూత తీసి జల్లించగానే దుమ్ముగా లేచి ముక్కులోకి వెళుతుంది. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎదిగే మెదడు మీద దెబ్బ కొడుతుంది కాబట్టి ఆ భయం.

అందుకే ఈ పని ఎక్కడ చేసినా ఇంటి బయట, మాస్కు, చేతి తొడుగులతో, పిల్లలకు దూరంగా చేస్తారు. నల్లబడిన మీడియాను కడిగి మళ్లీ వాడరు, పారేస్తారు. తడి పద్ధతిలో దుమ్ము లేవదు గానీ ఆ నీళ్లలో సీసం ఉంటుంది. వాటిని కూరగాయల పాదులో, బావి పక్కన పోయకూడదు.

పాత సామాను కొనేవారి దగ్గరో, ఫైరింగ్ రేంజి దాపుల్లోనో దొరికిన ఇత్తడి గొట్టాన్ని బొమ్మలా పిల్లల చేతికి ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. అది సీసంతో ఆట. పేలనిదైతే ప్రాణంతోనే ఆట. చట్టం దృష్టిలో తూటా భాగాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. కంటబడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పడం ఒక్కటే మార్గం.

ఇక మన బిందె సంగతి!

దసరా, దీపావళి వస్తున్నాయంటే ఇంట్లో ఇత్తడి కిందికి దిగుతుంది. కుందులు, చెంబులు, పుట్టింటి సారెలో వచ్చిన బిందె. చింతపండు, బూడిద, ఇటుక పొడి... అమ్మమ్మల నాటి సరంజామా. ఇవి మన మీడియా అన్నమాట! తూటా గొట్టాలకు వర్తించే లెక్కే వీటికీ వర్తిస్తుంది.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉంది. ఇవి నలుపును కరిగిస్తాయి కాబట్టి గట్టిగా రుద్దే పని తగ్గుతుంది. కానీ పులుసు రాసి గంటలు గంటలు వదిలేస్తే ఇత్తడిలోని జింకు బయటికి పోవడం మొదలవుతుంది. పసుపు పచ్చగా ఉండాల్సిన చోట గులాబీ, ఎరుపు మరకలు తేలుతాయి. అది మురికి కాదు... మిగిలిపోయిన రాగి! కాబట్టి రాయడం, కొద్ది నిమిషాల్లో తోమడం, నీళ్లతో బాగా కడగడం, పొడిబట్టతో తుడవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోవాలి.

ఇటుక పొడిలో, ఇసుకలో ఉండే స్ఫటికం ఇత్తడి కంటే ఎంతో గట్టిది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద స్ఫటికం 7 దగ్గర ఉంటే ఇత్తడి 3 దగ్గర ఉంటుంది. రుద్దిన ప్రతిసారీ గీతలే. వరి ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. జల్లించి మెత్తగా వాడితే మెరుపునిస్తుంది, గరుకుగా ఉంటే గీస్తుంది. జనగామ జిల్లా పెంబర్తి పనివాళ్లు పలచటి ఇత్తడి రేకు మీద ఉబ్బెత్తుగా తీర్చిన బొమ్మల్ని ఇలా రుద్దితే ముందు అరిగేది దేవుడి ముక్కే! పైన వార్నీషు పూత ఉన్న అలంకరణ వస్తువుకు చింతపండు అసలు వద్దు. సబ్బు నీళ్లు, మెత్తటి బట్ట చాలు.

తాండూరు, షాబాదు బండలు పరిచిన ఇళ్లవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ నాపరాయి సున్నపురాయి జాతి. పులుపు పడితే పైపొర కరుగుతుంది. బిందె మెరిసే సమయానికి కింది బండ మీద తెల్లటి మచ్చ మిగులుతుంది. తర్వాత ఎంత తుడిచినా పోదు. కాబట్టి ఇత్తడి తోమే పని సిమెంటు గచ్చు మీదో, ప్లాస్టిక్ తొట్టిలోనో పెట్టుకోండి.

ఇక వంటపాత్రల లోపలి వైపు. అక్కడ కళాయి ఉంటుంది. పాత్రను వేడిచేసి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో పూసిన పలచటి పొర అది. పులుసు, చారు, పెరుగు ఇత్తడికి తగలకుండా అడ్డుపడేది ఆ పొరే. స్టీలు పీచుతో, బూడిదతో లోపల రుద్దామా... మెరుపు వస్తుంది, కళాయి పోతుంది. పులుపు తగిలి కిలుము పుడుతుంది. లోపల మెత్తటి పీచు, సబ్బు నీళ్లు మాత్రమే వాడాలి. తెల్లటి పూత మధ్య పసుపు రంగు తొంగిచూస్తుంటే మళ్లీ కళాయి పెట్టించే వేళ అయిందని అర్థం. తగరంలో సీసం కలపని, నమ్మకమైన పనివాడి చేతే పెట్టించాలి. తూటా గొట్టంలో భయపెట్టిన సీసం వంటింట్లోకి రాకూడదు కదా!

ఇవి గుర్తుంచుకోండి

* ముందు సబ్బు, గోరువెచ్చటి నీళ్లు. వాటికి లొంగకపోతేనే పులుపు. పులుపుకీ లొంగకపోతేనే మెత్తటి పొడి.

* కొత్త పొడి ఏది వాడినా పాత్ర అడుగున చిన్నచోట రుద్ది చూసి, గీత పడకపోతేనే ముందుకు వెళ్లండి.

* అమ్మోనియా ఉన్న పాలిష్ వద్దు. డబ్బా మీద రాసింది చదవండి.

* తడి ఉంచి బోర్లించకండి. పొడిబట్టతో తుడిచి, కాసేపు ఎండ తగలనిచ్చి దాచండి.

* తోమాక ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. అతుకు వదిలిందా, చీలిక ఉందా, కళాయి పోయిందా? తోమడంలోని అసలు లాభం ఆ చూపే.

2016లో వికారాబాద్ కొత్త జిల్లా అయింది. తాండూరూ అందులోనే ఉంది. కాగితాల మీద ఊళ్ల చిరునామా మారింది గానీ బండకు సానపట్టే చేతులు, పప్పు మరపట్టే చేతులు, పసుపు డ్రమ్ము తిప్పే చేతులు మారలేదు. ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో వాటికి తెలుసు. ఈ పండక్కి అటక మీది బిందె దింపినప్పుడు మన చేతులకూ ఆ లెక్క తెలిస్తే చాలు. అమ్మమ్మ ఇచ్చిన బిందె మనవరాలి దాకా అంతే బరువుతో వెళుతుంది.